నరాలమ్మ మూడుసార్లు అడిగింది

2025 నవంబరు 8, శనివారం ఉదయం. మా ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర.

నా కొడుకు, కూతురు, కోడలు, మనవరాలు ఒకచోట కూర్చుని చదవడానికి ఈ వీలునామా రాస్తున్నాను. మొదలుపెట్టింది మంగళవారం. అప్పటికి నేను చనిపోతాననే అనుకుంటున్నాను. గురువారం డాక్టరమ్మ స్కాను చూసి, జబ్బు జాడ ఎక్కడా కనపడడం లేదని చెప్పింది. మంగళవారం రాసినదాంట్లో చాలాభాగం అలాగే ఉంచి, ఒక్క అంశం కొట్టేసి, ఈరోజు మళ్లీ సాపు రాస్తున్నాను. తొందరకి కారణం ఉంది. సోమవారం పదిగంటలకి ఆసుపత్రి సూపరింటెండెంటు గదిలో ఒక నర్సు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలుతుంది. ఊడితే, ఊడగొట్టింది నేను. ఆ సంగతి ఎనిమిదో అంశంలో ఉంది. బయటివాళ్లు ఎవరైనా చదివితే ముందు అదే చదువుకోవచ్చు. నా పిల్లలు మాత్రం నేను రాసిన వరసలోనే చదవాలి.

1. నేను డెబ్బై మూడేళ్ల దాన్ని. తూనికలు కొలతల శాఖలో ఇన్స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. భర్త పోయారు. ఎడమ రొమ్ములో గడ్డ వస్తే కోసి తీసేశారు. ఆ తర్వాత విడతలుగా మందు ఎక్కిస్తున్నారు, ఇంకొక్క విడత మిగిలింది. మందుల వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కాయి, నాలుకకి ఉప్పు తెలియడం లేదు, కనుబొమలు లేవు. బుద్ధి మాత్రం ఉన్నచోటే ఉంది. నా చేత ఇది ఎవరూ రాయించడం లేదు. రాయొద్దని బతిమాలేవాళ్లే ఇంట్లో ఉన్నారు. అక్షరాలు వంకరగా ఉంటే అది కుడిచేతి వెనక ఉన్న పుండు వల్ల. ఆ వంకర చూపించి నాకు మతి చలించిందని ఎవరూ వాదించకూడదు. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఈ రోజు నుంచి చెల్లదు.

2. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురిది. పెద్దవాడుండగా చిన్నదానికెందుకని మావాళ్లలో కొందరికి రుచించదు. నా కొడుకు మంచివాడు. కాకపోతే వాడు నా మంచిపేరుని నాకంటే ఎక్కువ ప్రేమిస్తాడు. ఎనిమిదో అంశం వాడి చేతిలో పడితే ఆ ఒక్క కాగితం మీదే కాఫీ ఒలికిపోవచ్చు. నా కూతురు చిన్నప్పుడు నేను చూడకుండా పాలు కిటికీలోంచి పారబోసి, మళ్లీ తనే వచ్చి, "అమ్మా, పారబోశా, కొట్టు" అని వీపు చూపించిన మనిషి. కాగితాలు దాని దగ్గర ఉండాలి.

3. మూడో అంతస్తులోని ఈ ఇల్లు నా కొడుకుకీ కూతురికీ చెరిసగం. "దానికి ఇల్లుందిగా" అని వాడు, "నాకేం వద్దులే, అన్నయ్యే ఉంచుకోనీ" అని అది, నా మంచానికి చెరోవైపు నిలబడి మాట్లాడుకున్నది విన్నాను. కళ్లు మూసుకున్నవాళ్లందరూ నిద్రపోరు. సగం అంటే సగమే. టేపు పెట్టి కొలుచుకున్నా నాకు అభ్యంతరం లేదు. టేపు బీరువా పైన ఉంది. దాని మొదటి అంగుళం అరిగిపోయింది, రెండో అంగుళం నుంచి కొలవండి.

4. మా మరిదికి, మడతబల్ల కాలు. "రెండ్రోజుల్లో తెచ్చిచ్చేస్తా వదినా" అని తీసుకెళ్లిన బల్ల ఇప్పటికీ ఆయనింట్లో ఒక మూల ఇటుకల మీద నిలబడి ఉంది. విరిగిన కాలు మాత్రం బాగుచేయించమని నాకే పంపాడు. బాగుచేయించాను. తీసుకోవడానికి ఆయన రాలేదు, ఇవ్వడానికి నేను వెళ్లలేదు. కాలు ఇస్తున్నాను కాబట్టి బల్ల కూడా ఇచ్చేసినట్టే. ఆపరేషన్ అయినప్పుడు ఆయన వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. ఓదార్పు మాటలు చేతకాని మనిషి. వెళ్లేముందు నా చెప్పులు రెండూ కాళ్లకి అందేట్టు తిప్పిపెట్టి వెళ్లాడు. అందుకని ఈ అంశంలో ఇంకేమీ రాయడం లేదు.

5. కోడలికి నా రెండు గాజులు. వంటింట్లో నా సామానంతా తన ఇష్టప్రకారం సర్దిందని ఆమెతో చాలాకాలం ముభావంగా ఉన్నాను. జల్లెడ ఎక్కడుందో అడగాల్సి రావడం నాకు నామోషీగా ఉండేది. మందు ఎక్కించుకొచ్చిన రోజుల్లో నేను కక్కుతుంటే ఆమె బేసిను పట్టుకుని కూర్చునేది. ఒక్కసారీ మొహం పక్కకి తిప్పుకోలేదు. "ఇంకేం మిగల్లేదు అత్తయ్యా, ఇప్పుడొచ్చేది పోయిన నెల తిన్నది" అని నవ్వించేది. జల్లెడ ఎక్కడ పెట్టాలన్నది ఇకనుంచి ఆమె ఇష్టం. గాజులు ఆమెకి వదులవుతాయి, కరిగించి ఏం చేయించుకున్నా సరే.

6. మనవరాలికి చెక్కపెట్టెలో ఉన్న ఇత్తడి తూకపురాళ్లు. పాతవని శాఖవాళ్లు వేలం వేస్తే నా సొంతడబ్బు పెట్టి కొన్నాను. అది చిన్నప్పుడు వాటితో ఇల్లు కట్టి ఆడుకుంటుంటే చేతిమీద కొట్టాను, చెమట తగిలితే రాయి బరువు మారుతుందని. ఇప్పుడు ఎలా కావాలంటే అలా పట్టుకోవచ్చు. నా జుట్టు రాలడం మొదలయ్యాక, సెలూనువాడెందుకని కాలేజీ మానేసి వచ్చి తనే నాకు గుండు గీసింది. "గుండు బాగుంది నానమ్మా, కాకపోతే నీ చెవులు రెండూ రెండు సైజులు" అంది. అద్దంలో చూసుకుంటే నిజమే. ఊళ్లో తప్పుడు కొలతలన్నీ పట్టుకున్నాను గాని నా తలకి అటూ ఇటూ ఉన్నవాటిని ఎన్నడూ చూసుకోలేదు.

మనవరాలా, ఎనిమిదో అంశం చదివాక ఆ రాళ్లు నీకు వద్దనిపిస్తే మీ అత్తకి ఇచ్చెయ్. నేనేమీ అనుకోను.

7. ఇక ఆసుపత్రి. మందులు ఎక్కించే వార్డు గోడమీద, సిబ్బందికి డబ్బుగాని కానుకలుగాని ఇవ్వరాదని బోర్డు ఉంది. సర్వీసులో ఉండగా నేను ఏ దుకాణంలోనూ గ్లాసెడు మంచినీళ్లు తాగలేదు. ఆ బోర్డు పెట్టినవాళ్లంటే నాకు గౌరవం. కాబట్టి మనుషుల పేరుమీద ఏమీ ఇవ్వకుండా, వాళ్లు వాడే వస్తువులకి ఇస్తున్నాను.

(క) వార్డులోని చక్రాల కుర్చీకి రెండు కొత్త చక్రాలు. ఎడమ చక్రం ఒకవైపుకి లాగుతుంది. దాన్ని తోసే మనిషి కుడిభుజం పట్టేసింది దానివల్లే. ఆయన తనని తాను డ్రైవరునంటాడు. లిఫ్టు ఆగగానే, "స్కానింగు స్టేషన్, స్కానింగు స్టేషన్! టికెట్టు లేనివాళ్లు ముందు దిగండి!" అని అరుస్తాడు. మొదటిరోజు నేను కుర్చీ ఎక్కనని, నడుస్తానని మొండికేస్తే, "మీరు నడిస్తే నేనేం తొయ్యాలమ్మా, గాలినా?" అన్నాడు. అప్పుడు ఎక్కాను.

(ఖ) రక్తం తీసే గదిలో కుర్చీ చేతికి ఒక మెత్త. ఇప్పుడు అక్కడ తువ్వాలు చుట్టి దారంతో కట్టారు. ఆ గదిలో పనిచేసే అమ్మాయి ప్రతి ఉదయం ఆ తువ్వాలు విప్పి ఉతికినది మళ్లీ చుడుతుంది. నేను చూశాను.

(గ) డాక్టరమ్మకి వస్తువేమీ లేదు. గడ్డ ఎంతుందని నేను అడిగితే రేగిపండంత అంది. రేగిపండ్లు పదిరకాలుంటాయి, మిల్లీమీటర్లలో చెప్పమన్నాను. ఆమె సొరుగులోంచి స్కేలు తీసి నా ముందు పెట్టి, ఒక గీత మీద గోరు ఆనించి చూపించింది. నేను అడిగింది భయంతోనని ఆమెకి ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. పైకి మాత్రం, "మీలాంటి పేషెంట్లు నలుగురుంటే నేను లెక్కల్లో పాసయ్యేదాన్ని" అంది. నా పిల్లలు ఆమెకి ఉత్తరం రాయాలి. పూలగుత్తి వద్దు, వార్డులో పూలు పెట్టనివ్వరు.

వీళ్లందరికీ కృతజ్ఞత చెప్పే అంశం ఇదే కావాలి. కాని మంగళవారం ఈ అంశం రాస్తుంటే నాకు చేతికంటే మొహం ఎక్కువ మండింది. వీళ్లందరూ ఒక వార్డు. వీళ్లలో ఒకమ్మాయిని అక్కడినుంచి నేను తీయించి, మిగిలినవాళ్లకి చక్రాలూ మెత్తలూ పంచుతున్నాను.

8. ఆ వార్డులో ఒక నర్సుని అందరూ నరాలమ్మ అంటారు. మందుల దెబ్బకి నరాలు లోపలికి పోయి, సూది ఎక్కడ గుచ్చాలో తెలియని చేతులన్నీ చివరికి ఆ అమ్మాయి దగ్గరికే వస్తాయి. మన ముంజేతిని వేడినీళ్ల సంచి మీద పెట్టి, వేలితో తడుతూ, పసిపిల్లని పిలిచినట్టు పిలుస్తుంది. "రా తల్లీ, రా బంగారం, ఎక్కడ దాక్కున్నావ్? అదిగో, చూశా, చూశాలే!" కాసేపటికి నరం పైకొస్తుంది.

మొదటి విడత రోజు నా చెయ్యి వణుకుతోంది. ఆ అమ్మాయి చూసింది. వణుకు మాట ఎత్తకుండా, "మీరు ఇన్స్పెక్టరట కదా అమ్మమ్మగారూ. నిమిషానికి ఎన్ని చుక్కల సెలైను పడుతోందో లెక్కపెట్టండి. మీ లెక్కా నా లెక్కా కలిస్తేనే మందు వదులుతా" అంది. వాచీ చూసుకుంటూ లెక్కపెట్టాను. కలిసింది. వణుకు ఎప్పుడు ఆగిందో నాకే తెలియదు. ఆ తర్వాత ప్రతిసారీ అదే ఆట. నోట్లో పూత వచ్చినప్పుడు చప్పరించడానికి ఐసుముక్కలు గిన్నెలో తెచ్చేది. ప్లాస్టరు తీసేటప్పుడు వెంట్రుకలు లాగకుండా తడిదూది అద్దేది. నా ఇంట్లోవాళ్లందరి సంగతులూ ఆమెకి తెలుసు. ఆమె ఇంట్లో ఎవరున్నారో నేను ఏనాడూ అడగలేదు.

నా పక్కకుర్చీలో ఒక వాచీ మెకానిక్ కూర్చునేవాడు. సూది చూడగానే, "అమ్మో, నా వల్ల కాదు తల్లో" అని వార్డంతా వినపడేట్టు గోలపెట్టేవాడు. ఆగస్టులో నాలుగో విడత రోజు నాకు విసుగొచ్చింది. "మీకు నొప్పిగా ఉందని వీధి చివర బస్టాపులో వాళ్లకి కూడా తెలిసిపోయింది. ఇక చాలించండి. నలుగురిలో ఉన్నప్పుడు ఓర్చుకోవడం నేర్చుకోవాలి" అన్నాను. వరసలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆయన తల దించుకున్నాడు.

అరగంట గడవకుండా నా చేతి వెనక మంట మొదలైంది. ఎర్రమందు ఎక్కుతోంది. అది నరం దాటి బయటికి కారితే కండని కాల్చేస్తుంది. మంట పుడితే వెంటనే చెప్పాలని మొదటిరోజే చెప్పారు. చెప్పింది ఆ అమ్మాయే.

ఆమె వచ్చి, "మంటగా ఉందా అమ్మమ్మగారూ?" అంది. వాచీ మెకానిక్ నా వైపే చూస్తున్నాడు. లేదన్నాను.

కాసేపటికి మళ్లీ వచ్చింది. "నిజంగా లేదా? మీ మొహం అదోలా ఉంది." నా మొహం పుట్టినప్పటినుంచీ ఇంతేనన్నాను. దానికీ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది.

మూడోసారి వచ్చి, "ఒక్కసారి చెయ్యి చూపించండి" అంది. అప్పటికే చెయ్యి శాలువా కిందికి లాక్కున్నాను. "చలేస్తోంది, తియ్యను. నీ పని నువ్వు చూసుకో అమ్మాయ్" అన్నాను. సర్వీసులో ఆ గొంతుకి దుకాణదారులు తక్కెడ వదిలేసి లేచి నిలబడేవాళ్లు. ఆ అమ్మాయి శాలువా వైపు ఒకసారి చూసింది. అవతల ఎవరో వాంతి చేసుకుంటుంటే పరిగెత్తింది.

శాలువా లాగి చూడాల్సిందని విచారణ చేసేవాళ్లు అంటున్నారు. నిబంధన అదే, నేను కాదనను. పెద్దదాన్నని ఆమె నా మాట మన్నించింది. అది తప్పయితే ఆ తప్పు ఆమె చేత చేయించింది నేను.

సంచి ఖాళీ అయ్యాక శాలువా తీస్తే చెయ్యి ఉబ్బి ఎర్రగా ఉంది. ఆమె మొహం చూశాను. ఆమె వెంటనే డాక్టరమ్మని పిలవడానికి పరిగెత్తింది. ఆ తర్వాత బొబ్బలు, చర్మం నల్లబడడం, తొడమీది చర్మం తీసి అతకడం, ఇవన్నీ మీరు చూశారు. చూడని భాగమే ఇక్కడ రాస్తున్నాను.

నా కొడుకు ఫిర్యాదు రాశాడు. నర్సు అసలు దగ్గరికే రాలేదని, చూడలేదని, అడగలేదని. నాన్నా, నువ్వు అబద్ధం రాయలేదు. నీకు తెలిసింది రాశావు. "ఆవిడ నిన్ను అడగలేదు కదమ్మా?" అని నువ్వు అడిగినప్పుడు నేను కళ్లు మూసుకుని పడుకున్నాను. దాన్ని నువ్వు అవుననుకున్నావు. నువ్వు అలా అనుకుంటావని నాకు తెలుసు.

తర్వాతి వారం సూపరింటెండెంటు నా మంచం దగ్గరికి వచ్చాడు. తను అడిగానని, నేనే లేదన్నానని ఆ అమ్మాయి చెప్పుకుందట. నా కొడుకు మంచం కొసన నిలబడి, "తన తప్పు కప్పుకోవడానికి మా అమ్మ మీద నెపం పెడుతోందా? మా అమ్మ జీవితంలో అబద్ధం ఆడలేదండీ. ఊళ్లో ఎవర్నయినా అడగండి" అన్నాడు. మనవరాలు నా కాళ్లు పడుతోంది. అది కూడా తల ఊపింది. సూపరింటెండెంటు నావైపు వంగి, "మీరు చెప్పండమ్మా. నర్సు మిమ్మల్ని అడిగిందా?" అన్నాడు.

"గుర్తు లేదు" అన్నాను.

సర్వీసులో నాతో గుర్తులేదన్న ప్రతి వ్యాపారి మీదా నేను కేసు రాశాను. నిజం తెలిసి, చెప్పడం ఇష్టంలేనివాళ్లు వాడే మాట అది. నా నోట్లోకి ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే ఆశ్చర్యమేసింది. ఆయన నమ్మాడు. పైగా, "పరవాలేదమ్మా, విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

ఆ అమ్మాయిని వార్డునుంచి తీసి కిందనున్న ఉతికిన దుప్పట్ల గదిలో వేశారు. మూడు నెలలుగా నరాలు పట్టే చేతులు దుప్పట్లు మడతపెడుతున్నాయి.

వార్డులో నాకు ఏ లోటూ రాలేదు. అసలు బాధ అదే. కొత్తగా వచ్చిన నర్సు దుప్పటి అలాగే వెచ్చగా కప్పింది. ఐసుముక్కలు అలాగే వచ్చాయి. ఎవరూ ఒక్క పుల్లవిరుపు మాట అనలేదు. కుర్చీ తోసే మనిషి మాత్రం స్టేషన్ల పేర్లు చెప్పడం మానేశాడు. లిఫ్టు ఆగితే ఆగింది, తలుపు తెరుచుకుంటే తెరుచుకుంది. ఒకరోజు ఆయన నన్ను దింపి వెళ్లబోతూ, గోడవైపు చూస్తూ, "కిందనుంచి కబురొచ్చిందమ్మా. పడుకున్నప్పుడు ఆ చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టుకోమన్నారు. వేళ్లు రోజూ ముడిచి చాపమన్నారు, లేకపోతే బిగుసుకుపోతాయట" అన్నాడు. ఎవరు పంపారని నేను అడగలేదు. వేళ్లు రోజూ ముడిచి చాపుతున్నాను. ఈ కాగితం నా చేత్తో రాయగలుగుతున్నది అందుకే.

మొన్న గురువారం, డాక్టరమ్మ శుభవార్త చెప్పిన రోజునే, వరండాలో వాచీ మెకానిక్ ఎదురయ్యాడు. ఆయనకి జబ్బు తగ్గలేదని తర్వాత తెలిసింది. "తగ్గిందట కదండీ, సంతోషం" అని, గొంతు తగ్గించి అన్నాడు: "ఆ రోజు ఆ అమ్మాయి మిమ్మల్ని అడగడం నేను విన్నాను మేడం. వాళ్లకి చెప్పాను కూడా. మీ అబ్బాయిగారు, 'ఆయన ప్రతిదానికీ గోల చేస్తాడు, ఆయన మాట ఏం పట్టించుకుంటారు' అన్నారట. నిజమేగా, గోల చేసేవాణ్ణేగా. మీరొక్క మాట అంటే సరిపోతుంది." నవ్వుతూనే అన్నాడు. నేను తల ఊపి వచ్చేశాను.

9. మంగళవారం రాసినప్పుడు ఇక్కడ ఇంకో అంశం ఉండేది. కింది అంతస్తులో నా పేరునే ఉన్న వీధివైపు గది, దానిమీద వచ్చే అద్దెతో సహా, నరాలమ్మకి ఇచ్చేట్టు. దానితోపాటు పై అంశంలోని నిజమంతా నేను పోయాక చదివి వినిపించేట్టు. రాశాక మనసు తేలికపడింది. పాపం ఒప్పుకున్నదాన్ని, దానం చేసినదాన్ని, పైగా ఎవరి మొహమూ చూడక్కర్లేదు. అంతకంటే సుఖం ఏముంది.

గురువారం డాక్టరమ్మ, "ఇంకో పదేళ్లు మా అందర్నీ సతాయిస్తారు, వెళ్లండి" అంది. నా కొడుకు అక్కడే ఏడ్చాడు. కోడలు నా గుండు ముద్దుపెట్టుకుంది. నాకు మాత్రం మంగళవారం రాసిన కాగితం గుర్తొచ్చింది. నా ఒప్పుకోలు నేను పోయాకగాని బయటికి రాదు. నన్ను పోనివ్వకుండా ఆపింది ఆ వార్డువాళ్లే. నేను పదేళ్లు బతికితే ఆ కాగితం పదేళ్లు బీరువాలో ఉంటుంది. ఆ అమ్మాయికి సోమవారం వరకే గడువు.

గది ఇవ్వడమూ తప్పే. ముసలిదానికి సేవచేసి ఆస్తి రాయించుకుందని రేపు ఎవరైనా అంటారు. ముందు అనేది నా కొడుకే. గోడమీద బోర్డు ఉన్న చోట పనిచేసే మనిషికి అంతకంటే చెరుపు లేదు. ఆమెకి నా దగ్గరనుంచి రావలసింది గది కాదు, మూడు వాక్యాలు. అవి నేను బతికుండగా, నా నోటితో, ఆమె వినేట్టు రావాలి.

కాబట్టి మంగళవారం నాటి అంశాన్ని రద్దు చేస్తున్నాను. వీధివైపు గది కూడా మూడో అంశం ప్రకారం చెరిసగం. ఎనిమిదో అంశం వీలునామాలో భాగంగానే ఉంటుంది. అయితే అది ఈరోజు నుంచే అమల్లోకి వస్తుంది, నా చావుతో దానికి సంబంధం లేదు. అలాంటి అంశం వీలునామాలో ఉండకూడదని ఏ వకీలయినా అంటే అననివ్వండి.

10. పైన రాసినదంతా నేనే రాశాను, రాసినది తిరిగి చదువుకున్నాను, ఎక్కడా ఎక్కువ తక్కువ లేదు. నా పిల్లలు నామీద కోపం తెచ్చుకోవడానికి ఈ వీలునామా వల్ల ఏ అడ్డంకీ లేదు.

సంతకం: ఈ ఇంటి పెద్ద, తూనికలు కొలతల శాఖ రిటైర్డ్ ఇన్స్పెక్టరు. 2025 నవంబరు 8. (కుడిచేత్తోనే పెట్టాను.)

సాక్షి: కింది అంతస్తు పళ్ల డాక్టరు. ఆయన ముందు సంతకం పెట్టాను. లోపల ఏముందో ఆయన అడగలేదు.

సాక్షి: వార్డులో నా పక్కకుర్చీ వాచీ మెకానిక్. పిలిస్తే ఆటో ఎక్కి వచ్చాడు. ఈయన లోపల ఏముందో చదివాకే సంతకం పెట్టాడు. చదవమని నేనే ఇచ్చాను. ఎనిమిదో అంశం అయ్యాక కళ్లద్దాలు తుడుచుకుని, "బస్టాపు మాట కూడా రాశారా!" అన్నాడు. క్షమించమని అడిగాను. ఆయన మంచినీళ్లు కావాలన్నాడు.

ఇక జరగవలసినవి:

1. రేపు ఆదివారం ఉదయం నా కొడుకు దీన్ని అందరికీ పైకి చదివి వినిపించాలి. నేను ఎదురుగా కూర్చుంటాను. మధ్యలో ఆపేస్తే, ఆపిన దగ్గర్నుంచి నా కూతురు చదువుతుంది.

2. ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది నా కొడుకు ఇష్టం. తీసుకున్నా తీసుకోకపోయినా నేను సోమవారం వెళతాను. వాడు నాతో రాకపోయినా ఏమీ అనుకోను. వస్తే మాత్రం నన్ను వెనకేసుకురాకూడదు.

3. సూపరింటెండెంటు గదిలోకి ఆ అమ్మాయిని కూడా పిలవమని ముందు అడుగుతాను. ఆమె లేకుండా నోరు విప్పను.

4. అక్కడ నేను చెప్పేది ఇంతే: ఈ అమ్మాయి నన్ను మూడుసార్లు అడిగింది. మంటగా ఉన్నా లేదని చెప్పి చెయ్యి దాచుకున్నాను. మీరు అడిగినప్పుడు గుర్తు లేదన్నది అబద్ధం. నా వయసు, నా జబ్బు, మందుల మత్తు, వీటి మాట నేను ఎత్తను, మీరెవరూ ఎత్తకూడదు.

5. అది రాతలో కావాలంటే అక్కడే రాసిస్తాను. పెన్ను తీసుకెళతాను.

6. నన్ను క్షమించమని మన ఇంట్లోవాళ్లెవరూ ఆ అమ్మాయిని అడగకూడదు. ఆమె ఇంటికి వెళ్లకూడదు. ఏమీ పంపకూడదు.

7. మిగిలిన విడత మందు పదిహేను రోజుల్లో. అప్పటికి ఆమె వార్డుకి తిరిగొచ్చి, నా కుర్చీ దగ్గరికి రాకూడదనుకుంటే, రానక్కర్లేదు. ఇంకో నర్సు ఖాళీ అయ్యేదాకా నేను కూర్చుంటాను. ఎవరు వచ్చి మంటగా ఉందా అని అడిగినా, ఉంటే ఉందంటాను, వరసలో అందరికీ వినపడేట్టు.